మట్టగిడిస ఖరీదు

రిటైరైన మగాడికి ఏదో ఒక పిచ్చి పట్టకపోతే ఇంట్లో ఆడవాళ్ళకి పడుతుంది. కొందరు ప్రవచనాల్లో పడతారు. కొందరు హోమియోపతి పుస్తకం కొనుక్కుని వీధి వీధంతా తీపి గుళికలు పంచుతారు. మా మావయ్య చేపల మీద పడ్డాడు.

తినడం మీద అయితే చిన్నప్పట్నుంచీ ఉన్నదే. ఇది పట్టడం మీద.

బ్యాంకు మేనేజరుగా ఊళ్ళూళ్ళూ తిరిగి, అరవై నిండగానే సొంత ఊరు చేరాడాయన. కోనసీమలో కాలువ గట్టు మీద ఊరు, మా అమ్మకి పుట్టిల్లు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీళ్ళు బొబ్బర్లంక దగ్గర విడిపోయి, చీలికలు పేలికలై మా తాతయ్య ఇంటి పెరటి దాకా వస్తాయి. కాటన్ దొర కాలం నుంచి ఇప్పటిదాకా ఆ నీళ్ళలో గాలం వెయ్యకుండా పెద్దవాడైన మగపిల్లాడు ఆ ఊళ్ళో బహుశా మా మావయ్య ఒక్కడే. తాతయ్య బడిపంతులు. గాలం పట్టిన చేతికి బలపం నిలవదని ఆయన సిద్ధాంతం. ఈడు పిల్లలంతా మోకాలి లోతు నీళ్ళలో పరిగెలు పడుతుంటే మావయ్య అరుగు మీద కూర్చుని పంతొమ్మిదో ఎక్కం అప్పజెప్పేవాడు. ఆ బాకీ వసూలుకి యాభై ఏళ్ళు పట్టింది.

చదువుకున్నవాడు ఏ పని మొదలెట్టినా ముందు సామాను కొంటాడు. మావయ్య మడిచే కార్బన్ ఫైబర్ కర్ర తెప్పించాడు. దానికి రీలు. వెడల్పు అంచు టోపీ, నీళ్ళ మీది మెరుపు కంట పడనివ్వని నల్లకళ్ళద్దాలు, ఎటు తడిమినా జేబే తగిలే చొక్కా, రంగురంగుల ప్లాస్టిక్ చేపలు. ఆ ప్లాస్టిక్ చేపలు ఎంత ముద్దుగా ఉన్నాయంటే అత్తయ్య రెండు తీసి సంక్రాంతి బొమ్మల కొలువుకి దాచింది. 1653లో ఐజాక్ వాల్టన్ అనే ఇంగ్లీషాయన గాలం వెయ్యడం మీద రాసిన పుస్తకం కూడా తెప్పించి ఆసాంతం చదివాడు. ఇంగ్లండు ఏళ్ళలో చేపల అలవాట్లు ఆయనకిప్పుడు క్షుణ్ణంగా తెలుసు.

గాలాల దగ్గర మాత్రం తిరకాసు జరిగింది. చిన్న చేపలతో మొదలెడదామని 2వ నంబరు గాలాలు ఆర్డరిచ్చాడు. గాలాలకి అంకె పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. పరిగె నోట్లో పట్టాలంటే 16, 18 నంబర్లు కావాలి. వచ్చిన 2వ నంబరు చూస్తే వాలుగ దవడకి సరిపోయేలా ఉంది. "లెక్క తిరగేసి పెట్టుకున్నారేమిట్రా వీళ్ళు!" అని ఫోన్లో నా మీద విసుక్కున్నాడు. జీవితమంతా రెండు కన్నా పదహారు ఎక్కువని నమ్మి పనిచేసిన మనిషి.

వేసవిలో కట్టేసిన కాలువలకి జూన్‌లో నీళ్ళు వదిలారు. మావయ్య రంగంలోకి దిగాడు. విసిరితే తుమ్మకొమ్మ, లాగితే గుర్రపుడెక్క. ఓసారి తన టోపీనే పట్టుకున్నాడు. రీల్లో దారం చిక్కుపడితే ఆ విప్పుకోవడంతోనే పొద్దు గూకేది. అప్పుడు ఆయన నోట వెలువడిన మాటలు ఆడిట్ల రోజుల్లో కూడా నేను వినలేదు. వానపాముని గాలానికి గుచ్చడానికి మనసొప్పక బ్రెడ్డుముక్క గుచ్చేవాడు. అది నీళ్ళు తగిలిన రెండు నిమిషాలకి కరిగిపోయేది. పైన ఈయన బెండు మీద కళ్ళు పెట్టుకుని తపస్సు చేస్తుంటే కింద ఉత్త ఇనుపకొక్కెం వేలాడుతుండేది.

అన్నిటికన్నా మంట ఎక్కడంటే, అవతల పది గజాల దూరంలో నిక్కరు కుర్రాళ్ళు వెదురుపుల్లకి నైలాను దారం, జీలుగుబెండు ముక్క కట్టుకుని టపటపా పరిగెలు లాగేస్తుండేవాళ్ళు. వాళ్ళలో ఒకడు దగ్గరికొచ్చి, కార్బన్ కర్రని కిందా మీదా చూసి, "తాతగారండీ, ఇది రిమోటుతో పన్జేస్తదాండీ?" అని అడిగాడు. వెటకారంగా అడిగుంటే తిట్టేవాడు. వాడు నిజంగానే అడిగాడు.

ఇలా కాదని చేపల చెరువు మీదకి వెళ్ళాడు. పాత ఖాతాదారు ఒకాయన ఎప్పట్నుంచో రమ్మంటున్నాడు. శీలావతి, బొచ్చె, ఒక్కొక్కటి కిలోన్నర. "నీళ్ళకన్నా చేపలే ఎక్కువండీ మా చెరువులో, మీరు గాలం వెయ్యక్కర్లేదు, చెయ్యి పెడితే చాలు" అన్నాడట. మన చేపల రైతులు మేత ఊరికే చల్లరు. నూనె తీసిన తవుడు సంచుల్లో నింపి, సంచికి చిల్లులు పొడిచి, చెరువులో వరసగా పాతిన వెదురుగెడలకి కట్టి నీళ్ళలోకి దించుతారు. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో బాగా స్థిరపడిన పద్ధతి. సంచి దిగడం ఆలస్యం, చేపలు బారులు తీరి వచ్చి చిల్లులకి మూతులు ఆనించి పీల్చుకుంటాయి. పిల్లగా ఉన్ననాటి నుంచి ఆ సంచి దగ్గరే తిండి మరిగిన చేపకి, మా మావయ్య వేలాడదీసింది తినే వస్తువని తోచలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండలో మాడాడు. కిలోన్నర చేపలు ఆయన దారాన్ని రాసుకుంటూ వెళ్ళి సంచిలో తిని, మళ్ళీ రాసుకుంటూ వెనక్కి వచ్చాయి.

"అలవాటైన చోటే నోరెడతాయండి, ఆయ్. కొత్తది నమ్మవు" అన్నాడు కాపలావాడు. ఇంటికొచ్చి మావయ్య కార్బన్ కర్ర మడిచి అటక మీద పెట్టేశాడు.

అక్కడితో అయిపోయేదే. పెద్దాయన తగిలాడు.

ఊళ్ళో చేపలు పట్టే కుటుంబాల్లో అందరికన్నా వయసు మళ్ళినవాడు. మోకాళ్ళు అరిగాక వల విసరడం మానేశాడు గానీ గాలం మానలేదు. మావయ్య అవస్థ ఊరంతా చెప్పుకుంటుంటే విని, ఓ రోజు తనే ఇంటికొచ్చి, సామాను చూపించమన్నాడు. అన్నీ తీసి నేల మీద పరిపించి, ఒక్కొక్కటీ చేత్తో తడిమి, "సామాను బాగుందండి మేనేజరుగారూ. దాచుకోండి" అన్నాడు. పెరట్లోంచి సన్నపాటి వెదురు కొట్టుకొచ్చాడు.

ముందు చోటు మార్పించాడు. పారే కాలువ వదిలేసి, కొబ్బరితోట వెనక మురుగు కాలవ మలుపు తిరిగేచోట నిలవనీటి మడుగు చూపించాడు. అక్కడ ఉండేవి మట్టగిడిసలు. మట్టగిడిస అంటే కొరమేనుకి పేదింటి తమ్ముడు. అన్నగారు తెలంగాణ రాష్ట్ర చేపగా గౌరవం పొందాడు. తమ్ముడికి ఏ హోదా లేదు. జానెడు పొడుగు, ఒంటినిండా నల్లమచ్చలు. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిపోయినా పైకి వచ్చి గాలి గుటకేసి బతికేస్తుంది. అందుకని బురదలోనూ, వరిచేలోనూ, మురుగులోనూ ఉంటుంది. అందుకనే సంతలో దాని మొహం ఎవరూ చూడరు. "దీనితో చెయ్యి తిరిగితే తర్వాత కొరమేను సంగతి చూద్దారండి" అన్నాడు పెద్దాయన.

నీడ నీళ్ళ మీద పడకుండా సూర్యుడికి ఎదురుగా కూర్చోమన్నాడు. బూట్లు దూరంగా విప్పించాడు. "మాటాడితే పోవండి, తొక్కితే పోతాయి" అన్నాడు. చేప ఒంటికి రెండు పక్కలా పొడుగునా ఒక గీత ఉంటుంది. నీళ్ళలో ఏ అదురు పుట్టినా అది ఆ గీతతో కనిపెడుతుంది. ఈ సంగతి మావయ్య ఏదో పుస్తకంలో చదివి కూడా బూట్లతో వెళ్ళేవాడు. పెద్దాయన ఏ పుస్తకమూ చదవకుండా అరవై ఏళ్ళుగా వట్టికాళ్ళతో వెళ్తున్నాడు.

"రేపట్నుంచి గాలం ఇంటికాడెట్టి రండి" అన్నాడు.

"గాలం లేకుండా ఏం పడతాం బాబాయ్?"

"ఈ వారం పట్టరండి. పెడతారు."

తవుడూ, మెత్తగా ఉడికిన మెతుకులూ, కాస్త బంకమట్టీ కలిపి ముద్దలు చేయించాడు. రోజూ ఒకే వేళకి, ఒకే చోట, నాలుగు ముద్దలు.

"మట్టగిడిస పురుగూ పుట్రా తినేది కదా, తవుడు ముడుతుందా?"

"దానికెందుకండి తవుడు? తవుడికి పరిగెలొస్తాయి. పరిగెలు గుంపుగా చేరి సంబరంగా తింటా ఉంటే, ఇక్కడేదో బాగానే ఉన్నట్టుందే అనుకుని మట్టగిడిస వస్తది. నలుగురూ ఉన్న కాడికే కదండి ఎవరైనా వచ్చేది."

"ఎన్నాళ్ళు పెట్టాలి ఇలా?"

"దాని బెదురు పోయేదాకానండి. అనుమానం ఉన్న చేప నోట్లో పెట్టుకుని కూడా ఊసేస్తది. నాలుగు మాట్లు ఉత్తి తిండి తిన్నాదనుకోండి, అయిదో మాటు చూసుకోదు."

మావయ్య ఈ మాటలు డైరీలో రాసుకున్నాడు. రిటైరైన ఏడు బ్యాంకువాళ్ళిచ్చిన డైరీ, మందపాటి అట్ట. ఎడమ పేజీలో పెద్దాయన పాఠం, తేదీతో సహా. ముప్పై అయిదేళ్ళ రికార్డు అలవాటు మరి.

ఈలోగా ఆయనకి ఫోనులో ఇంకో గురువు దొరికాడు. ఏదో గ్రూపట. అందులో ఒక సారు రోజూ సలహా పెడతాడట. పొద్దున్న తొమ్మిదింపావయ్యేసరికి ఫోను చేతిలో ఉండి తీరాలి. శని, ఆదివారాలు ఆ సారుకి సెలవు. మడుగు దగ్గర కూడా ఒక చేత్తో వెదురు, ఒక చేత్తో ఫోను. పెద్దాయనకి ఇది నచ్చలేదు.

"చూపు బెండు మీదుండాలండి. ఫోన్లో చేప ఎక్కడుంటది?"

"నీకు తెలియదులే బాబాయ్. అందులో కూడా చాలా నేర్పుతున్నారు."

అలాగని ఫోనంటే ఆయనకి గుడ్డినమ్మకమేమీ లేదు. ఊరి గ్రంథాలయంలో పింఛనుదారుల్ని కూర్చోబెట్టి, ఓటీపీ కన్నతల్లి అడిగినా చెప్పొద్దని ఉపన్యాసం ఇచ్చినవాడు. ఓ రోజు మడుగు గట్టున ఉండగా 'మీ కేవైసీ గడువు ముగిసింది' అని ఎవడో హిందీ యాసలో తెలుగు మాట్లాడాడు. మావయ్య వాణ్ణి పావుగంట వాయించాడు. బ్యాంకింగ్ నిబంధనలు వరసగా చదివి, వాడే ఫోను పెట్టేసేలా చేశాడు. ఆ పావుగంటలో పరిగెలు గాలానికున్న ఎర నున్నగా నాకేశాయి గానీ, ఆయన మొహంలో ఆ పూట చేప పట్టినంత వెలుగుంది.

దసరాకి నేను వెళ్ళినప్పుడు జరిగిందిది. పదింటి వేళ మడుగు దగ్గర్నుంచి మావయ్య అత్తయ్యకి ఫోన్ చేశాడు.

"రెండు పడ్డాయి!"

అత్తయ్య ఇంకో మాట అడగలేదు. చింతపండు నానేసింది. ఉల్లిపాయలు ముద్ద నూరింది, పచ్చిమిరపకాయలు చీల్చింది, బూడిద చాటలో పోసి పెరట్లో పెట్టింది, జారుడు చేపని తోమడానికి. గంట తర్వాత మావయ్య ఈల వేసుకుంటూ ఖాళీ బక్కెట్టుతో వచ్చాడు.

"ఏవండీ, ఏవీ?"

"ఏవి? ఓ, అవా! చిన్నవి. అక్కడే వదిలేశాను. పెద్దదాని కోసం చూస్తున్నా."

"పడ్డవి వదిలేసి పడనిదాని కోసం చూడ్డమేంటండీ?"

"నీకు అర్థం కాదు. దీపావళికి చూడు. దీపావళికి బాగా పడతాయన్నాడు సారు."

ఆ చింతపండు చారైపోయింది. నాలుగు రోజులు పోయాక "ఈసారి అయిదు!" అని మళ్ళీ ఫోనొస్తే అత్తయ్య కందిపప్పు కడుగుతూనే ఉంది. నేను మాత్రం మడుగు దాకా వెళ్ళి పెద్దాయన్ని అడిగాను, మా మావయ్యకి అయిదు పడ్డాయటగా అని. ఆయన నా వంక అదోలా చూశాడు.

"నా కళ్ళ ముందైతే ఒక్కటీ పడలేదు బాబూ. ఆయనకెక్కడ పడతన్నాయో మరి."

పడకపోవడానికి కారణం కళ్ళారా చూశాను. బెండు కాస్త వణకడం పాపం, మావయ్య వెదురు ఆకాశంలోకి లేపేస్తాడు. గాలం ఖాళీగా ఊగుతూ వచ్చి ఆయన మెడకే చుట్టుకుంటుంది. పెద్దాయన ఓపికగా మళ్ళీ మొదటికొస్తాడు.

"అది ముట్టుకుంటందండి, అంతే. రుచి చూస్తంది. అప్పుడు లాగితే మూతి చివర చీరుకుని పోతది, ఇంక ఆ చేప ఈ జన్మలో మన కాడికి రాదు. బెండు మునగాలి. మునిగి పక్కకి నడవాలి. ఇది నాదే, నేనే పట్టుకుపోతన్నాను అని దానికనిపించాలి. అప్పుడండి."

"తెలుసు బాబాయ్. చెయ్యి ఆగదు."

చెయ్యి ఆగకపోవడం ఎంత పెద్ద జబ్బో గాలం వేసినవాళ్ళకే తెలుస్తుంది. కొత్తవాడి చేపలన్నీ ఆ అర నిమిషంలోనే పోతాయి. చోటూ, ఎరా, నీడా వారంలో వంటబడతాయి. ఏమీ చెయ్యకుండా ఊరుకోవడం వంటబట్టడానికి ఏళ్ళు పడుతుంది. అందులోనూ సంతకం పెట్టి పెట్టి పనులు చకచకా జరిపించిన చెయ్యి.

ఓ సాయంత్రం నీరసపడి మావయ్య హెమింగ్వేని తలుచుకున్నాడు. 1952లో వచ్చిన ఆ నవల్లో ముసలి జాలరికి 84 రోజులు ఒక్క చేపా పడదని పెద్దాయనకి చెప్పాడు.

"ఏ ఊరండి ఆయనది?"

"క్యూబా."

"సముద్రం మీదా? సముద్రంలో అలాగే ఉంటదండి. తర్వాత పడిందా?"

"పడింది. పడవకన్నా పొడుగు చేప."

"ఎంతకమ్మాడండి?"

"అమ్మలేదు. ఒడ్డుకి తెచ్చేలోపు షార్కులు మాంసమంతా పీక్కుతినేశాయి. ముల్లు మిగిలింది."

పెద్దాయన కాసేపు ఆలోచించాడు. "అయితే పడలేదనే చెప్పాలి కదండి" అన్నాడు. మావయ్య నవ్వాడు. ఆ మాట కూడా డైరీకెక్కింది.

దీపావళికి రెండు రోజుల ముందు మళ్ళీ వెళ్ళాను. తుపాను మబ్బు పట్టి సన్నటి తుంపర. చేపలకి బాగా ఆకలేసే వాతావరణం. కార్తీకం వస్తే అత్తయ్య నీచు వంటింటి గడప తొక్కనివ్వదు. నెలంతా ఆగాలి. అంచేత తుంపర్లోనే ముగ్గురం బయల్దేరాం. మావయ్య ఎందుకో పొద్దుట్నుంచీ పరధ్యానంగా ఉన్నాడు. నిండా పుష్టిగా ఉన్న వానపాముని తనే గుచ్చాడు, మొహం పక్కకి తిప్పుకోకుండా. ఆమాత్రం ఎదిగాడన్నమాట. తవుడు ముద్దలు వేసే చోటే గాలం వేశాడు. పరిగెలు నీటి మీద చిటపటలాడుతున్నాయి.

ఇంతలో ఫోను మోగింది. మావయ్య వెదురుని మోకాలి కింద నొక్కిపెట్టి, కళ్ళజోడు ముక్కు చివరికి దించి, ఒంటివేలితో ఏదో టైపు చెయ్యడం మొదలెట్టాడు. అప్పుడే బెండు వణికింది.

నేను అరవబోయాను. పెద్దాయన నా మణికట్టు పట్టుకున్నాడు. మావయ్యకి తెలియదు, ఫోన్లో మునిగి ఉన్నాడు. బెండు మళ్ళీ వణికింది. ఒకసారి మునిగి తేలింది. ఆయన తల ఎత్తలేదు. బెండు బుడుంగున మునిగి, నీళ్ళ కింద తామరాకుల వైపు నడవసాగింది. వెదురు కొస వంగింది. మావయ్య ఒకసారి గట్టిగా ఊపిరి వదిలి, ఫోను జేబులో పడేసి, అప్పుడు చూశాడు. చూసి లాగాడు.

మచ్చల ఒళ్ళు తిప్పుకుంటూ మట్టగిడిస గట్టు మీద గడ్డిలో పడింది.

ఆ తర్వాత ఐదు నిమిషాలు విశ్రాంత బ్యాంకు అధికారి అక్కడ లేడు. అరుగు మీద ఎక్కాలు చదివిన పిల్లాడొకడు బురదలో గంతులేశాడు. చేపని రెండు చేతులా పట్టుకుంటే జారిపోయింది, మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. నేను ఫొటోలు తీశాను. పెద్దాయన చేప నోరు తెరిచి చూపించాడు.

"గాలం కడుపులోకెళ్ళిపోయింది చూడండి! ఇన్నాళ్ళకి తొందరపడకుండా ఆగారు మేనేజరుగారు. పూర్తిగా మింగేదాకా ఆగారు!"

అత్తయ్య దాన్ని బూడిదతో తోమి, రాయి మీద రుద్ది, పులుసు పెట్టింది. జానెడు చేపకి కుండెడు పులుసు. ఇంటిల్లిపాదికీ, పెద్దాయనకీ తలో ముక్క వచ్చింది. నాకు తోక. మావయ్య తల భాగం తీసుకుని, "ఇంక అన్నీ మంచి రోజులేరా అల్లుడూ" అన్నాడు.

కార్తీకంలో ఓ తెల్లవారుజామున అత్తయ్య ఫోన్ చేసింది. మావయ్య రాత్రి నుంచి అన్నం ముట్టలేదట.

వెళ్ళేసరికి ఆయన సావిట్లో గోడకి చేరబడి ఉన్నాడు. ఫోనులోని ఆ గ్రూపు షేర్ల గ్రూపు. సారు చెప్పిన యాప్‌లో మావయ్య డబ్బు రెండింతలైనట్టు కనిపిస్తోంది. తీసుకుందామని నొక్కితే, ముందు పన్ను కట్టాలి, ఫలానా వ్యక్తి ఖాతాకి పంపండి అని వచ్చింది. ప్రభుత్వానికి కట్టే పన్ను ప్రైవేటు మనిషి ఖాతాకి పంపమన్నప్పుడు గానీ ఆయనలోని మేనేజరు నిద్ర లేవలేదు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాడు. అప్పటికే చివరగా పంపింది వెళ్ళి రోజులైపోయింది. ఇలాంటి మోసాల్లో గంటల్లో ఫిర్యాదు చేస్తే సొమ్ము స్తంభింపజేసే వీలుంటుంది. రోజులు గడిస్తే అది ఖాతాల మీద ఖాతాలు దాటిపోతుంది.

"నేను ఓటీపీ ఎవరికీ చెప్పలేదురా" అన్నాడు. నిజమే. ఎవరికీ చెప్పలేదు. అన్నిసార్లూ తనే కొట్టి పంపాడు.

సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు నింపడానికి తేదీలూ మొత్తాలూ కావాలి. "డైరీలో ఉన్నాయి" అన్నాడు. తెరిచాను. ఎడమ పేజీలు నేను ఎరిగినవే. కుడి పేజీలు అప్పుడే చూడడం.

ఎడమ వైపు: 'తవుడికి పరిగెలొస్తాయి. నలుగురూ ఉన్న చోటికే ఎవరైనా వస్తారు.' కుడి వైపు: 'గ్రూపులో అందరికీ లాభాలు. ఫొటోలు పెడుతున్నారు. మనమూ 10,000 వేద్దాం.'

ఎడమ వైపు: 'బెదురు పోయేదాకా ఉత్తి తిండి పెట్టాలి.' కుడి వైపు: '2,000 పడింది. అక్కడే వదిలేశాను.' దాని కింద: '5,000 పడింది.'

ఎడమ వైపు: 'నాలుగు మాట్లు తిన్నాక అయిదో మాటు చూసుకోదు.' కుడి వైపు: '1,20,000. తర్వాత 6,00,000.'

ఆఖరి దానికి డైరీలో అంకె లేదు, 'దీపావళి ప్రత్యేక స్కీము' అని మాత్రం ఉంది. ఆయన ఫోన్లో బ్యాంకు సందేశం వెతికితే దొరికింది. ఆర్టీజీఎస్, 6,20,000 రూపాయలు, ఉదయం 10 గంటల 52 నిమిషాలు. ఆ తేదీ ఎక్కడో చూసినట్టనిపించి నా ఫోను తీశాను. మావయ్య రెండు చేతులా మట్టగిడిసని పట్టుకుని నవ్వుతున్న మొదటి ఫొటో. 10 గంటల 54 నిమిషాలు.

పెద్దాయన సంగతి విని పరామర్శకి వచ్చాడు. నేను అర్థమయ్యేలా మొత్తం చెప్పాను: మొదట ఎంత వేయించారు, ఎంత తిరిగిచ్చారు, గ్రూపులో లాభాలొచ్చాయని సంబరపడ్డవాళ్ళంతా దొంగల మనుషులే ఎలా అయ్యుంటారు, చివరికి ఎంత లాగారు. అన్నీ శ్రద్ధగా విన్నాడు. మావయ్య వినకుండా గొంతు తగ్గించి, "పనిమంతులండి" అన్నాడు.

యానాంలో పులస వేలల్లో పలికితే పేపరువాళ్ళు చేపతో సహా ఫొటో వేస్తారు. మా మావయ్య పట్టిన మట్టగిడిస 13 లక్షల 50 వేలు పడింది. జిల్లా పేజీలో అడుగున చిన్న వార్త వేశారు, 'విశ్రాంత బ్యాంకు మేనేజరుకు టోకరా' అని. ఫొటో వెయ్యలేదు.